అస్పష్టం అంటే ఏ అస్పష్టం?

ఇంగ్లిషు మాటల వాడకం మీద పాఠకులు పంపే ప్రశ్నలకు ఈ పేజీలో జవాబులిస్తాం. ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా తిరుపతి, చిత్తూరు జిల్లాలవి. అన్నీ ఇంచుమించు ఒకే చోటికి వచ్చి చేరాయి: సరిగా అర్థం కాని మాటను, రాతను ఇంగ్లిషులో ఏమనాలి? మనం 'అస్పష్టం' అని ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట ఇంగ్లిషువాళ్లు డజను మాటలు పెట్టుకున్నారు. అవి ఒకదాని బదులు ఒకటి చెల్లవు.

ప్రశ్న: 'యాంబిగ్యుయస్', 'వేగ్', 'అబ్‌స్క్యూర్' మూడింటికీ నా నిఘంటువులో 'అస్పష్టమైన' అనే ఉంది. పోటీ పరీక్షలో మూడూ ఒకే ప్రశ్నకు ఆప్షన్లుగా ఇస్తే దేన్ని పెట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఆ మాట విన్న మనిషి వెంటనే ఏమని తిరిగి అడుగుతాడో చూడండి. 'ఇదా, అదా?' అని అడిగితే యాంబిగ్యుయస్. 'ఎంత? ఎప్పుడు? సరిగ్గా ఏది?' అని అడిగితే వేగ్. 'అసలు దీనర్థం ఏమిటి?' అంటే అబ్‌స్క్యూర్.

మీ ఊరి ఉదాహరణే తీసుకుందాం. విశాఖపట్నం నుంచి దర్శనానికి వచ్చిన బంధువులు 'తిరుపతి చేరాం' అని మెసేజి పెట్టారు. కొండ కింద ఉన్నారా, పైన ఉన్నారా? బయటి ఊళ్లవాళ్లు తిరుమలను కూడా తిరుపతి అనే అంటారు కాబట్టి ఆ వాక్యానికి రెండు అర్థాలు, రెండూ విడివిడిగా స్పష్టమే. ఏది అన్నదే తేలదు. ఇది యాంబిగ్యుయస్. కాసేపటికి 'దర్శనం త్వరగానే అయ్యేలా ఉంది' అన్నారు. ఇక్కడ రెండు అర్థాలేం లేవు, ఉన్నది ఒకటే, కానీ దానికి అంచుల్లేవు. త్వరగా అంటే రెండు గంటలా, ఆరు గంటలా? ఇది వేగ్. ఆ తర్వాత 'ఎస్ఎస్‌డీ కోటా అయిపోయింది, ఎస్ఈడీ దొరకలేదు' అని వచ్చింది. మొదటిది టైమ్ స్లాట్ ఇచ్చే సర్వదర్శనం టోకెన్, రెండోది 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ అని తిరుపతిలో ఆటో ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. విశాఖలో ఇంట్లో కూర్చున్న పెద్దావిడకు మాత్రం ఒక్క ముక్క తెలియదు. ఆవిడకు అది అబ్‌స్క్యూర్. అంటే అబ్‌స్క్యూర్ అన్న నింద వాక్యం మీద మాత్రమే కాదు, చదివేవాడి మీద కూడా ఆధారపడుతుంది. మిగతా రెండింటిలో తప్పు ఎక్కువగా వాక్యానిదే.

దిద్దే తీరులో తేడా చూస్తే ఇంకా బాగా గుర్తుంటుంది. యాంబిగ్యుయస్ వాక్యంలో అక్కర్లేని అర్థాన్ని కోసేయాలి. వేగ్ వాక్యానికి అంకె, తేదీ, పేరు తగిలించాలి. అబ్‌స్క్యూర్ వాక్యాన్ని విడమరచాలి. అందుకే 'త్వరలో' అన్న మాటను ఎంత వివరించినా లాభం లేదు. తేదీ చెప్పనంతవరకు అది వేగ్‌గానే ఉంటుంది.

ఆప్షన్ ఎంచుకోవడానికి పక్కనున్న పదం సాయపడుతుంది. జ్ఞాపకం, వాగ్దానం, అనుమానం, పోలిక ఇవన్నీ 'వేగ్' అవుతాయి. 'యాంబిగ్యుయస్ మెమరీ' అని ఎవరూ అనరు. వాక్యం, నిబంధన, సూచన, సైగ 'యాంబిగ్యుయస్' అవుతాయి. కవి, పల్లెటూరు, పాత చట్టం 'అబ్‌స్క్యూర్' అయితే అర్థం వేరు: పెద్దగా ఎవరికీ తెలియనిది అని. మనిషి తేదీ చెప్పకుండా దాటేస్తే 'హీ వాజ్ వేగ్ అబౌట్ ద డేట్' అనొచ్చు, అక్కడ యాంబిగ్యుయస్ అతకదు. అబ్‌స్క్యూర్ క్రియగానూ పనికొస్తుంది: మబ్బులు శేషాచలాన్ని కప్పేస్తే 'క్లౌడ్స్ అబ్‌స్క్యూర్డ్ ద హిల్స్'.

మూడూ లాటిన్ నుంచి వచ్చినవే. యాంబిగ్యుయస్‌లో 'రెండు వైపులా', 'తోలడం' అనే ముక్కలున్నాయి. వేగ్‌కు మూలం 'తిరుగాడే' అనే అర్థమున్న మాట, వేగబాండ్ కూడా అందులోంచే పుట్టింది. అబ్‌స్క్యూర్ అంటే మొదట చీకటి.

ప్రశ్న: మామిడి కాయల కోసం ఒక వ్యాపారికి 'ప్లీజ్ సెండ్ గుడ్ క్వాలిటీ బ్యాంగళూర్ మ్యాంగోస్ ఎట్ ద ఎర్లియెస్ట్, 25 టన్స్ ఆన్ మండే అండ్ ట్యూస్‌డే' అని మెయిల్ పెట్టాం. 'యువర్ ఆర్డర్ ఈజ్ బోత్ వేగ్ అండ్ యాంబిగ్యుయస్' అని జవాబొచ్చింది. ఒకే మెయిల్ రెండూ ఎలా అవుతుంది?
– మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉద్యోగి, చిత్తూరు

జవాబు: భేషుగ్గా అవుతుంది. ఆయన సరిగానే అన్నాడు.

'గుడ్ క్వాలిటీ', 'ఎట్ ద ఎర్లియెస్ట్' వేగ్. మంచి కాయ అంటే గుజ్జు ఫ్యాక్టరీకి ఒకటి, టేబుల్ మీద కోసుకు తినేవాడికి ఇంకొకటి. 'బ్యాంగళూర్ మ్యాంగోస్' యాంబిగ్యుయస్. మన జిల్లాలో బెంగళూరు కాయ అంటే తోతాపురి రకమని రైతుకీ, మండీకీ, లారీ డ్రైవర్‌కీ తెలుసు. పేరు తెలియని వ్యాపారి బెంగళూరు నుంచి తెప్పించిన ఏదో ఒక మామిడి అనుకుంటాడు. '25 టన్స్ ఆన్ మండే అండ్ ట్యూస్‌డే' కూడా యాంబిగ్యుయసే: రోజుకు 25 చొప్పున 50 టన్నులా, రెండు రోజులకూ కలిపి 25 టన్నులా? డబ్బు నష్టపోయేది ఇక్కడ. రెండో లారీ గేటు ముందు నిలబడ్డాక కాయ మగ్గిపోతూ ఉంటుంది, ఎవరి తప్పో తేలదు.

ఇలా మార్చండి: రకం తోతాపురి. మొత్తం 25 మెట్రిక్ టన్నులు. 12 టన్నులు 2026 జూన్ 15 సోమవారం, 13 టన్నులు జూన్ 16 మంగళవారం, రెండు రోజులూ ఉదయం 10లోపు ఫ్యాక్టరీ గేటు దగ్గర. కాయ కనీస బరువు ఇన్ని గ్రాములు, దెబ్బ తిన్నవి, మచ్చపడ్డవి నూటికి ఇన్నిటికి మించకూడదు. ఈ రెండు అంకెలూ మీ కొనుగోలు నిబంధనల ప్రకారం మీరే వేసుకోవాలి. ఇంగ్లిషులో రాసేటప్పుడు రోజుకు ఇంత అయితే 'ఈచ్ డే', కలిపి ఇంత అయితే 'ఇన్ ఆల్' అనే మాటలు తప్పకుండా పడాలి.

విదేశీ కొనుగోలుదారుకు ఉత్తరం రాసేటప్పుడు ఉత్త 'టన్' అనకండి. మెట్రిక్ టన్ను 1,000 కిలోలు, బ్రిటిష్ లాంగ్ టన్ను సుమారు 1,016 కిలోలు, అమెరికన్ షార్ట్ టన్ను సుమారు 907 కిలోలు. తేదీని 03/04 అని రాస్తే మనకు ఏప్రిల్ 3, అమెరికావాడికి మార్చి 4. నెలను అక్షరాల్లో రాస్తే ఆ గొడవే ఉండదు.

వేగ్‌ను పూర్తిగా తుడిచేయాలని మాత్రం పట్టుబట్టొద్దు. లారీలో సరిగ్గా 12,000 కిలోలే ఎక్కించడం ఎవరి వల్లా కాదు. 'అబౌట్ 12 టన్స్' అనే బదులు '12 టన్స్, ప్లస్ ఆర్ మైనస్ 5 పర్సెంట్' అనండి. సడలింపు ఉంటుంది, హద్దూ ఉంటుంది.

ప్రశ్న: దస్తావేజుల్లో 'యాంబిగ్యుయిటీ' ఉంటే చెల్లదని ఒకరు, సాక్ష్యంతో సరిచేసుకోవచ్చని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?
– దస్తావేజు లేఖరి, చిత్తూరు

జవాబు: రెండూ నిజమే, ఎందుకంటే న్యాయశాస్త్రంలో యాంబిగ్యుయిటీ రెండు రకాలు. కాగితం చదవగానే కళ్లకు కనిపించేది 'పేటెంట్'. చదివితే స్పష్టంగానే ఉండి, తీరా బయటి వాస్తవాలతో పోల్చినప్పుడు బయటపడేది 'లేటెంట్'.

1872 నాటి సాక్ష్య చట్టం ఉదాహరణలు ఇప్పటికీ చక్కగా పనికొస్తాయి. గుర్రాన్ని 'వెయ్యికి లేదా పదిహేను వందలకు' అమ్ముతానని రాస్తే, ఏ ధర అన్నది చూపడానికి బయటి సాక్ష్యం ఇవ్వనివ్వరు. అది 93వ సెక్షన్, పేటెంట్ రకం. 'నా తెల్ల గుర్రం' అని రాసి, అమ్మేవాడికి రెండు తెల్ల గుర్రాలుంటే, ఏ గుర్రమో చూపడానికి సాక్ష్యం ఇవ్వొచ్చు. అది 96వ సెక్షన్, లేటెంట్ రకం. అదే సెక్షన్ కింద మన తెలుగువాళ్లకు ముచ్చటైన ఉదాహరణ ఇంకొకటి ఉంది: ఒకడు ఇంకొకడితో హైదరాబాద్ వస్తానని ఒప్పుకున్నాడు, దక్కన్ హైదరాబాదా, సింధు హైదరాబాదా? 2024 జూలై 1 నుంచి ఈ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి. కొత్త కేసుల విషయంలో పాత నంబర్లు ఉటంకించొద్దు.

వేగ్ సంగతి దీనికి వేరు. 1872 కాంట్రాక్ట్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అర్థం నిశ్చయంగా లేనిది, నిశ్చయం చేసుకునే వీలూ లేనిది అయిన ఒప్పందం చెల్లదు. దాని ఉదాహరణ: 'వంద టన్నుల నూనె' అమ్ముతానన్నాడు, ఏ నూనో తెలిపే ఆధారం లేదు, చెల్లదు. అదే మాట కొబ్బరి నూనె ఒక్కటే అమ్మే వ్యాపారి అంటే, అతని వ్యాపారమే అర్థం చెబుతుంది కాబట్టి చెల్లుతుంది. శాసనమే వేగ్‌గా ఉంటే ఏమవుతుందో 2015 మార్చి 24న తేలింది. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను, అంటే ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన సెక్షన్‌ను, కొట్టేసింది. 'చిరాకు', 'అసౌకర్యం' కలిగించడం లాంటి మాటలకు హద్దులు లేకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

ఇక మీ వృత్తిలో రోజూ ఎదురయ్యే లేటెంట్ యాంబిగ్యుయిటీ 'అంకణం'. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక నెల్లూరు లెక్క నడిచే సూళ్లూరుపేట లాంటి ప్రాంతాలు కూడా ఇదే జిల్లాలోకి వచ్చాయి. '50 అంకణాల స్థలం' అన్న మాట చదవడానికి ఎంత శుభ్రంగా ఉందో చూడండి: ఒక లెక్కన 1,800 చదరపు అడుగులు, ఇంకో లెక్కన 3,600. పక్కన చదరపు అడుగులూ చదరపు గజాలూ రాయకుండా అంకణాలు ఒక్కటే ఎన్నడూ రాయకండి. హద్దుల్లో 'తూర్పున దారి' అనడం వేగ్. ఏ దారి, ఎన్ని అడుగుల వెడల్పు, పంచాయతీదా సొంతదా అన్నది రాస్తే పోతుంది.

ప్రశ్న: లాడ్జి బోర్డుల మీద, టికెట్ల మీద తరచూ గొడవ తెచ్చే ఇంగ్లిషు మాటలు కొన్ని చెప్పగలరా?
– లాడ్జి రిసెప్షనిస్టు, తిరుపతి

జవాబు: '24 అవర్స్ చెక్ అవుట్' మొదటిది. మీ ఉద్దేశం గది తీసుకున్న వేళ నుంచి 24 గంటలు. యాత్రికుడు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఖాళీ చేయొచ్చనుకుంటాడు. 'చెక్ అవుట్: 24 అవర్స్ ఫ్రమ్ చెక్ ఇన్' అని బోర్డు రాయించి, రసీదు మీద ఖాళీ చేయాల్సిన తేదీ, వేళ వేసి ఇవ్వండి.

'15న 12 ఏఎం' అంటే 14వ తేదీ రాత్రి అయిపోయి 15 మొదలయ్యే క్షణం. చాలామంది 15 రాత్రి అనుకుని ఒక రోజు ఆలస్యంగా దిగుతారు. 11.59 పీఎం అనో, 12.01 ఏఎం అనో వేస్తే తేదీ తికమక ఉండదు. 'బై వీక్లీ' అంటే వారానికి రెండుసార్లనీ, రెండు వారాలకోసారనీ నిఘంటువులే రెండర్థాలూ ఇస్తాయి. మన రైల్వే మొదటి అర్థంలో వాడుతుంది. 'నెక్స్ట్ ఫ్రైడే' అని ఫోన్లో బుక్ చేస్తే ఈ వచ్చే శుక్రవారమో, ఆపై శుక్రవారమో తేలదు, తేదీ అడగకుండా ఫోన్ పెట్టేయొద్దు.

'ఓల్డ్ మెన్ అండ్ విమెన్' అన్న బోర్డు మీద కూడా ఒక కన్నేయండి. వృద్ధులైన పురుషులూ, ఏ వయసైనా సరే స్త్రీలూ అన్న అర్థం కూడా అందులో ఉంది. పదాలు తెలిసినవే, వాటి కట్టులో సందిగ్ధం ఉంది. 'సీనియర్ సిటిజన్స్' అంటే సరిపోతుంది.

ప్రశ్న: తెలుగులో స్పష్టంగా ఉన్న వాక్యం ఇంగ్లిషులోకి వెళ్లగానే యాంబిగ్యుయస్ అవుతోందని మా ఎడిటర్ అంటున్నారు. ఎక్కడ జాగ్రత్త పడాలి?
– అనువాదకురాలు, చంద్రగిరి

జవాబు: మూడు చోట్ల. మొదటిది 'మనం', 'మేము'. 'మనల్ని పిలిచారు' అంటే వింటున్నవాడూ భోజనానికి రావచ్చు, 'మమ్మల్ని పిలిచారు' అంటే రాకూడదు. ఇంగ్లిషు 'వీ'కి ఈ తేడా లేదు. 'వీ, ఇన్‌క్లూడింగ్ యూ' అనో, 'మై ఫ్యామిలీ అండ్ ఐ' అనో విప్పి రాయాలి.

రెండోది 'తన'. 'మేనేజర్ గుమాస్తాతో తన సెలవు రద్దయిందని చెప్పాడు' అంటే సెలవు పోయింది మేనేజర్‌కే. 'అతని సెలవు' అంటే గుమాస్తాదో, ఇంకెవరిదో. ఇంగ్లిషులో రెండింటికీ 'హిజ్ లీవ్' ఒకటే. సర్వనామం వదిలేసి పదవి పేరు మళ్లీ రాయండి. కాస్త మొద్దుగా ఉంటుంది, ఉండనివ్వండి.

మూడోది రివర్స్ కేసు, తెలుగే తికమక పెట్టేది. 'పిలిచిన అమ్మాయి' పిలిచిందా, పిలవబడిందా? 'కొట్టిన పిల్లాడు' కొట్టాడా, దెబ్బలు తిన్నాడా? మన ధాతుజ విశేషణం ఆ సంగతి చెప్పదు, ముందు వాక్యం చెబుతుంది. ఇంగ్లిషులో 'హూ కాల్డ్', 'హూ వాజ్ కాల్డ్' అని రెండుగా చీలక తప్పదు కాబట్టి, ముందు వాక్యం చదవకుండా అనువాదం మొదలుపెడితే సగానికి సగం తప్పులొస్తాయి. ఇంటర్వ్యూల రాతప్రతుల్లో ఇది మరీ ఎక్కువ.

ప్రశ్న: అబ్బాయికి జ్వరం వస్తే రక్త పరీక్ష చేయించాం. డెంగీ రిపోర్టులో 'ఈక్వివోకల్' అని వచ్చింది. ల్యాబ్‌వాళ్లు చేతులు దులిపేసుకున్నారనుకోవాలా?
– గృహిణి, పలమనేరు

జవాబు: కాదమ్మా. ఎలైజా పరీక్షలో వచ్చిన అంకె ఒక గీతకు పైనుంటే పాజిటివ్, ఇంకో గీతకు కిందుంటే నెగెటివ్. రెండు గీతల మధ్య చిక్కుకుంటే ఈక్వివోకల్. అటూ ఇటూ చెప్పలేం అని నిజాయితీగా ఒప్పుకోవడమే. జ్వరం మొదలైన తొలి రోజుల్లో యాంటీబాడీలు ఇంకా సరిగా పెరగకపోవడం అందుకు ఒక కారణం. సాధారణంగా కొన్ని రోజుల తర్వాత మళ్లీ రక్తం తీసి చూస్తారు. అంతవరకు ఆ కాగితాన్ని నెగెటివ్‌గా లెక్కేయకుండా డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు చేయండి.

ఇదే మాట మనిషి జవాబుకు తగిలిస్తే మాత్రం రంగు మారుతుంది. 'ఈక్వివోకల్ రిప్లై' అంటే కావాలనే రెండు వైపులకూ లాగేలా ఇచ్చిన జవాబు అన్న అనుమానం అందులో ఉంటుంది. క్రియగా 'ఈక్వివొకేట్' అయితే అనుమానం కూడా కాదు, ఆరోపణే. 'అశ్వత్థామ హతః' అన్నది దీనికి సాటిలేని ఉదాహరణ. ఏనుగుకూ, ద్రోణుడి కొడుకుకూ ఒకే పేరుండటం యాంబిగ్యుయిటీ, ఆ పేరును ఆసరా చేసుకుని ద్రోణుణ్ని నమ్మించడం ఈక్వివొకేషన్. అన్నట్టు దీని వ్యతిరేక క్రియావిశేషణం 'అన్‌ఈక్వివోకల్లీ'. చాలామంది రాసే 'అన్‌ఈక్వివోకబ్లీ' తప్పు.

ప్రశ్న: 'మంబుల్', 'మటర్', 'మర్మర్', 'స్లర్' తేడా పిల్లలకు ఎలా చెప్పాలి?
– హైస్కూలు ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: చేసి చూపించండి. పెదాలు సరిగా తెరవకుండా పాఠం చదివితే మంబుల్, గొణుగుడు. ధర్మరాజు 'కుంజరః' అన్నది అలాగే. వెనక బెంచీలో హోంవర్క్ ఎక్కువైందని తనలో తాను సణుక్కుంటే మటర్, ఇందులో అసంతృప్తి ఉంటుంది. మర్మర్‌లో కోపం ఉండనక్కర్లేదు, మెల్లని మాట, సెలయేటి చప్పుడు కూడా మర్మరే. ఒక మాట ఇంకో మాటలోకి జారి ముద్దముద్దగా వస్తే స్లర్. తాగినవాడి మాట అలా ఉంటుంది, నిజమే. కానీ తాగని మనిషికి ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, మూతి ఒక పక్కకు జారినా, ఒక చెయ్యి లేవకపోయినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయాలని కూడా అదే పాఠంలో చెప్పేయండి.

స్టేషన్‌లో మైకు పలికేది వీటిలో ఏదీ కాదు. అనౌన్సర్ బాగానే మాట్లాడి, దారిలో ధ్వని పాడైతే 'గార్బుల్డ్'. దీని మూలం జల్లెడ పట్టడమనే అరబ్బీ మాట, సుగంధ ద్రవ్యాల వ్యాపారంతో పాటు యూరప్ చేరింది. మాటలు ఒక్కొక్కటీ స్పష్టంగా వినిపించి, ఒకదానికొకటి పొంతన లేకపోతే 'ఇన్‌కోహెరెంట్'. మనసులో ఉన్నది మాటల్లో పెట్టలేకపోతే 'ఇనార్టిక్యులేట్'. గార్బుల్డ్ ఫోన్లో అంకె చెప్పాల్సి వస్తే 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' అనకుండా 'వన్ ఫైవ్', 'ఫైవ్ జీరో' అని విడగొట్టడం మంచిది.

ప్రశ్న: డాక్టర్ల రాతను 'అన్‌రీడబుల్' అనాలా, 'ఇల్లెజిబుల్' అనాలా?
– మందుల షాపు నిర్వాహకుడు, తిరుపతి

జవాబు: ఇల్లెజిబుల్. అక్షరం గుర్తు పట్టలేకపోవడం దాని అర్థం, కోడిగీతలన్నమాట. అన్‌రీడబుల్ ఆ అర్థంలో వాడినా తప్పు కాదు గానీ, చక్కగా అచ్చయిన నవల విసుగు పుట్టిస్తే దాన్నీ అన్‌రీడబుల్ అంటారు. మందులను జెనరిక్ పేర్లతో, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన సవరించింది. అక్కడున్న మాట 'లెజిబ్లీ'.

అక్షరం ముత్యంలా ఉన్నా ప్రమాదం పోదు, మీకిది తెలిసే ఉంటుంది. 'ఓడీ' అంటే రోజుకు ఒకసారి, కంటి డాక్టరు చీటీలో అదే కుడి కన్ను. అది లెజిబుల్, కానీ యాంబిగ్యుయస్. '1.0' అని రాస్తే చుక్క చెదిరి 10 అయిపోతుంది, అందుకే పూర్తి అంకె తర్వాత సున్నా పెట్టకూడదంటారు. అనుమానం వచ్చినప్పుడు పాత చీటీతో పోల్చి ఊహించడం కాదు, రాసినవారికి ఫోన్ చేయడమే పని.

ప్రశ్న: 'క్రిప్టిక్', 'ఎనిగ్మాటిక్', 'ఎవేసివ్' ఒకేలా అనిపిస్తున్నాయి.
– గ్రూప్స్ అభ్యర్థి, పుత్తూరు

జవాబు: మూడింటిలోనూ ఏదో దాగి ఉంది. కారణాలే వేరు. క్రిప్టిక్ పొట్టిగా ఉంటుంది, తాళంచెవి ఉన్నవాడికి తెరుచుకుంటుంది. 'ఆ పని అయింది. మిగతాది గురువారం' అన్న చీటీ క్రిప్టిక్. గ్రీకులో దాగినది అనే మాట దీనికి మూలం, క్రిప్టోగ్రఫీ కూడా అక్కడిదే. ఎనిగ్మాటిక్ పొడుపు లాంటిది, ఊరిస్తుంది. 'దీని భావమేమి తిరుమలేశ' అని ముగిసే పద్యాలు అచ్చంగా ఎనిగ్మాటిక్. మనిషి నవ్వు కూడా ఎనిగ్మాటిక్ కావచ్చు, క్రిప్టిక్ కాదు.

ఎవేసివ్‌లో మాటలు అర్థమవుతూనే ఉంటాయి, అడిగినదానికి మాత్రం జవాబుండదు. 'బాకీ ఎప్పుడిస్తావు?' అంటే 'మీ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది?' అనడం. జవాబుకు చేరుతుందేమో అనిపిస్తూ చుట్టూ తిప్పితే 'సర్కమ్‌లొక్యూషన్', మన డొంకతిరుగుడు. అవుననకుండా కాదనకుండా పాము చావకుండా కర్ర విరక్కుండా మాట్లాడితే 'నాన్‌కమిటల్'. పరీక్షలో ఎవేసివ్‌కూ వేగ్‌కూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఉద్దేశం కోసం వెతకండి. వేగ్ బద్ధకం వల్లా వస్తుంది, తెలియక కూడా వస్తుంది. తప్పించుకోవాలన్న ఉద్దేశం లేనిదే ఎవేసివ్ లేదు.

ప్రశ్న: 'ఐ యామ్ యాంబిగ్యుయస్ అబౌట్ దిస్ జాబ్' అన్నందుకు ఇంటర్వ్యూలో నవ్వారు. ఎందుకు?
– ఇంజినీరింగ్ విద్యార్థి, రేణిగుంట

జవాబు: మీరు అనాల్సింది 'యాంబివలెంట్'. మనసు రెండు వైపులా లాగడం యాంబివలెన్స్, మాట రెండు వైపులా లాగడం యాంబిగ్యుయిటీ. యాంబివలెన్స్ మానసిక వైద్యం నుంచి వచ్చిన కొత్త మాట, స్విస్ వైద్యుడు ఆయ్‌గెన్ బ్లాయిలర్ 1910 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చాడు. నిజం చెప్పాలంటే ఇంటర్వ్యూలో ఈ రెండూ అనకపోవడం మేలు.

ప్రశ్న: ఆఫీసు ఉత్తరాల భాషను 'జార్గన్' అనొచ్చా? 'జిబ్బరిష్' అంటే?
– విశ్రాంత ఉద్యోగి, కుప్పం

జవాబు: ఒక వృత్తివాళ్లు తమలో తాము వాడుకునే మాటలు జార్గన్, వాళ్లకు అది పని తేలిక చేస్తుంది. బయటివాడి మీద ప్రయోగిస్తేనే తప్పు. అర్థమే లేని చప్పుళ్లు జిబ్బరిష్. మీరడుగుతున్న ఉత్తరాలకు సరిపోయేది 'గాబుల్‌డీగూక్'. టెక్సాస్ నాయకుడు మౌరీ మావెరిక్ 1944లో ప్రభుత్వ కాగితాల బరువైన భాషను చూసి, టర్కీ కోడి అరుపును తలచుకుని కట్టిన మాట అది.

ప్రశ్న: వీటి ఉచ్చారణ?
– పాఠకుడు, నగరి

జవాబు: 'వేగ్' ఒకే అక్షరంగా పలకాలి, 'వేగ్యూ' కాదు. యాంబిగ్యుయస్‌లో ఊత 'బి' మీద, యాంబిగ్యుయిటీలో 'గ్యు' మీద. ఈక్వివోకల్‌లో 'క్వి' మీద, ఆ తర్వాతి 'వో' తేలిపోవాలి.